పక్కింటి ఆకలి రాసిన కవి దు ఫు



ఇవాళ మీకొక కవి గురించి చెబుతాను. ఆయనది చైనా. పేరు దు ఫు. చిన్న పేరు, రెండే అక్షరాలు. 712లో పుట్టారు. 770లో కన్నుమూశారు. అంటే పన్నెండు వందల యాభై ఏళ్ల కిందటి మనిషి. ఈ రెండు సంవత్సరాలు గుర్తుంటే చాలు. నేను చెప్పబోయే మిగతా అంకెలు మరిచిపోయినా ఫర్వాలేదు.

బతికినన్నాళ్లూ ఆయనకు చెప్పుకోదగ్గ పేరు రాలేదు. ఉద్యోగం నిలవలేదు. ఇల్లు నిలవలేదు. ఆఖరికి నది మీద, పడవ ప్రయాణంలో ప్రాణం పోయింది. ఇవాళ ఆయన పద్యాలు చైనా బడిపిల్లలు కంఠస్థం చేస్తారు. కవుల్లో ఋషి అని ఆయన్ని కొలుస్తారు. కొరియాలో చదివారు, జపాన్‌లో చదివారు. ఇప్పుడు ప్రపంచమంతా చదువుతోంది.

ఈ పేరు ఎలా వచ్చింది? ఇన్ని శతాబ్దాలు ఎలా నిలిచింది? నాకు తోచిన జవాబు ఒక్క ముక్కలో చెబుతాను. దు ఫు తన కష్టం చెప్పడం మొదలుపెడతారు. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయన చూపు ఎదుటివాళ్ల కష్టం మీదికి మళ్లుతుంది. తన ఇంటి నుంచి పక్కింటికి, పక్కింటి నుంచి దేశం మీదికి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. నేను చెప్పే కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

దు ఫు పుట్టింది హెనాన్ ప్రాంతంలో, లోయాంగ్ నగరానికి దగ్గర్లో. అప్పుడు టాంగ్ వంశం పాలిస్తోంది. ఆయన తాత దు షెన్‌యాన్ ఆస్థానంలో పేరున్న కవి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఏడేళ్లకే పద్యం చెప్పాడంటే ఆశ్చర్యం లేదు. కానీ తల్లి చిన్నప్పుడే పోయింది. మేనత్త పెంచింది.

ఆ మేనత్త గురించి దు ఫు స్వయంగా రాసిన ఒక సంగతి ఉంది. ఆమె చనిపోయాక సమాధి రాత కోసం రాశారు. చిన్నప్పుడు ఆయనకు జబ్బు చేసింది. అదే సమయంలో మేనత్త సొంత కొడుక్కీ జబ్బు చేసింది. మంత్రాలు తెలిసిన ఒక స్త్రీ వచ్చింది. ఇంట్లో ఫలానా స్తంభం దగ్గర, ఆగ్నేయ మూలన పడుకోబెట్టిన బిడ్డకు మేలు జరుగుతుందని చెప్పింది. ఆ చోట మేనత్త తన కొడుకును పడుకోబెట్టలేదు. మేనల్లుడిని పడుకోబెట్టింది. దు ఫు బతికాడు. ఆమె కొడుకు చనిపోయాడు.

ఈ సంగతి దు ఫుకు పెద్దయ్యాక ఇతరులు చెబితే తెలిసింది. మరొకరి బిడ్డ ప్రాణం వదులుకున్న చోట తాను బతికానని తెలిసిన మనిషి ఆయన. ఆ కవిత్వాన్ని చదువుతున్నప్పుడు ఇది మరిచిపోకూడదని నాకనిపిస్తుంది.

ఇక చదువు. ఆ రోజుల్లో చైనాలో పెద్ద ఉద్యోగం కావాలంటే రాజ్యం పెట్టే పరీక్ష గెలవాలి. దు ఫు రాశారు. తప్పారు. కొన్నాళ్లు దేశం తిరిగారు. 744లో లీ బాయ్ అనే కవిని కలిశారు. లీ బాయ్ అప్పటికే దేశమంతా తెలిసిన కవి. దు ఫు కంటే పదకొండేళ్లు పెద్ద. ఇద్దరూ కలిసి తిరిగారు, తాగారు, కవిత్వం చెప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాది విడిపోయారు. మళ్లీ జన్మలో కలవలేదు. కానీ దు ఫు ఆ స్నేహాన్ని వదల్లేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు ఆ స్నేహితుడి కోసం పద్యాలు రాస్తూనే ఉన్నారు. లీ బాయ్ బహిష్కరణ పాలైనప్పుడు, ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో అని కలల్లో కూడా కలవరపడ్డారు.

747లో ఇంకో పరీక్ష పెట్టారు. దు ఫు మళ్లీ రాశారు. అప్పటి మహామంత్రి లీ లిన్‌ఫు. ప్రతిభ ఉన్న కొత్తవాళ్లు దర్బారులోకి రావడం ఆయనకు ఇష్టం లేదు. ఏం చేశాడో తెలుసా? పరీక్ష రాసిన ఒక్కరినీ గెలిపించలేదు. అందరినీ తప్పించాడు. ఆపైన చక్రవర్తికి అభినందనలు చెప్పాడు. సమర్థులందరూ ఇప్పటికే తమ కొలువులో ఉన్నారు ప్రభూ, బయట ఎవరూ మిగల్లేదు అన్నాడు. ఆ మిగలని వాళ్లలో చైనా మహాకవి ఒకరు.

రాజధాని చాంగాన్. అప్పటి ప్రపంచంలోని మహానగరాల్లో ఒకటి. ఆ నగరంలో దు ఫు దాదాపు పదేళ్లు ఉద్యోగం కోసం తిరిగారు. గొప్పవాళ్ల గుమ్మాలు ఎక్కారు, దిగారు. చివరికి 755లో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. యువరాజు రక్షక దళంలో ఆయుధాల లెక్క చూసే పని. ఆ సంతోషంతో, ఊళ్లో ఉన్న భార్యాబిడ్డలను చూడ్డానికి చలికాలంలో బయల్దేరారు.

దారిలో ఒక కొండ. ఆ కొండ మీద వేడినీటి ఊటలు, రాజభవనం. లోపల చక్రవర్తి, ఆయన ప్రేయసి యాంగ్ గ్వేఫే, విందులు, సంగీతం. బయట గడ్డకట్టిన చలి, దిక్కులేని చావులు. ఈ రెంటికీ మధ్య అడ్డం ఒక్క గోడ. దు ఫు అది చూస్తూ నడిచారు. లోపల పంచిపెట్టే పట్టుబట్టలు పేదింటి ఆడవాళ్లు నేసినవని, వాళ్ల ఇంటి మగవాళ్లను కొట్టి వసూలు చేసినవని గుర్తుచేసుకున్నారు.

ఇల్లు చేరారు. గుమ్మంలోనే ఏడుపు వినిపించింది. ఆయన చిన్న కొడుకు ఆకలితో చనిపోయాడు.

ఒక్క క్షణం ఆలోచించండి. అప్పుడే ఉద్యోగం దొరికిన తండ్రి. ఇంటికొస్తే కన్నబిడ్డ లేడు. ఆ ప్రయాణం మీద ఆయన రాసిన పెద్ద కవిత ఒకటి ఉంది. తండ్రినై ఉండి బిడ్డకు తిండి పెట్టలేకపోయానే అని అందులో సిగ్గుతో కుమిలిపోయారు. కానీ కవిత అక్కడ ఆగలేదు. తనది ఉద్యోగస్తుల కుటుంబం. పన్ను కట్టక్కర్లేదు. సైన్యంలోకి బలవంతంగా లాక్కుపోరు. ఇన్ని వెసులుబాట్లున్న నా ఇంట్లోనే ఇలా జరిగితే, భూమి పోగొట్టుకున్న రైతు గతేమిటి? సరిహద్దులో పడి ఉన్న సిపాయి గతేమిటి? కొడుకు పోయిన దుఃఖంలో దు ఫు అడిగిన ప్రశ్న ఇది.

నేను మొదట చెప్పిన మాట గుర్తుందా? తన కష్టం నుంచి ఎదుటివాళ్ల కష్టం మీదికి చూపు మళ్లడం. ఆయన కవిత్వంలో ఆ మలుపు ఇంత స్పష్టంగా కనిపించే మొదటి చోట్లలో ఇదొకటి.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేశం తగలబడింది. ఆన్ లుషాన్ అనే సేనాధిపతి తిరగబడ్డాడు. రాజధాని శత్రువుల చేతికి చిక్కింది. చక్రవర్తి పారిపోయాడు. తిరుగుబాటు ఎనిమిదేళ్లు సాగింది. అంతకు ముందు ప్రభుత్వ లెక్కల్లో ఐదు కోట్లకు పైగా జనం ఉండేవారు. తర్వాతి లెక్కల్లో కోటీ డెబ్బై లక్షల మందే తేలారు. మిగతావాళ్లంతా చనిపోయారని కాదు. ఎంతోమంది చెల్లాచెదురయ్యారు. జనాన్ని లెక్కపెట్టే యంత్రాంగమే కూలిపోయింది. ఎంత పెద్ద దేశం ఎలా కుప్పకూలిందో ఊహించుకోండి.

దు ఫు కుటుంబాన్ని ఉత్తరాన ఒక పల్లెలో దింపి, పారిపోయిన చక్రవర్తి స్థానంలో వచ్చిన కొత్త చక్రవర్తి దగ్గరికి బయల్దేరారు. దారిలో తిరుగుబాటు సైన్యానికి దొరికిపోయారు. చాంగాన్ తీసుకెళ్లారు. అక్కడ బందీగా ఉన్నప్పుడు ఒక రాత్రి వెన్నెల కాసింది. ఏ కవైనా ఆ వెన్నెల్లో నేను ఒంటరిగా ఉన్నానే అని రాసుకుంటాడు. దు ఫు అలా రాయలేదు. ఆ పల్లెలో తన భార్య ఒక్కత్తే కిటికీలోంచి అదే చంద్రుణ్ణి చూస్తూ ఉంటుందనుకున్నారు. పిల్లలు మరీ చిన్నవాళ్లు, అమ్మ ఎందుకు దిగులుగా ఉందో కూడా వాళ్లకు తెలియదనుకున్నారు. బందీ తాను. కానీ పద్యం నిండా ఆమె ఒంటరితనమే.

అదే మలుపు. మళ్లీ అదే మలుపు.

757లో ప్రాణాలకు తెగించి తప్పించుకున్నారు. నారతో అల్లిన చెప్పులు, చిరిగి మోచేతులు బయటపడ్డ చొక్కా. ఆ వేషంలోనే కొత్త చక్రవర్తి సుజోంగ్ ముందు నిలబడ్డారు. చక్రవర్తి మెచ్చి ఉద్యోగం ఇచ్చాడు. చక్రవర్తి పొరపాట్లను ఎత్తిచూపడమే ఆ ఉద్యోగం. దు ఫు ఆ పని నిజంగానే చేశారు. చక్రవర్తికి కోపం తెప్పించిన ఫాంగ్ గ్వాన్ అనే మంత్రి తరఫున మాట్లాడారు. వెంటనే పట్టుకుని విచారణకు పెట్టారు. క్షమాపణ దొరికింది గానీ చక్రవర్తి నమ్మకం పోయింది. మరుసటి ఏడాది రాజధాని నుంచి దూరంగా, చిన్న పదవికి పంపేశారు.

అక్కడ ఉన్నప్పుడే, 759లో, ఒక ప్రయాణంలో ఆయన చూసినవి ఆరు కవితలయ్యాయి. మూడు అధికారుల మీద, మూడు వీడ్కోళ్ల మీద. వాటిలో ఒక్కటి చెబుతాను. షిహావ్ అనే ఊళ్లో ఆయన రాత్రి బస చేశారు. చీకట్లో తలుపు చప్పుడు. సైన్యంలోకి మనుషుల్ని పట్టుకుపోవడానికి అధికారి వచ్చాడు. ఇంటి ముసలాయన గోడ దూకి పారిపోయాడు. ముసలామె బయటికొచ్చి జవాబు చెప్పుకుంది. ముగ్గురు కొడుకులూ సైన్యంలోనే ఉన్నారంది. ఇద్దరు ఈమధ్యే చనిపోయారంది. ఇంట్లో ఇంక ఉన్నది పాలు తాగే మనవడు, బయటికి రావడానికి సరైన బట్ట కూడా లేని కోడలు. చివరికి ఏమందో తెలుసా? నన్నే తీసుకుపోండి, సైనికులకు పొద్దున్నే వంటైనా చేసిపెడతానంది. తెల్లారి దు ఫు బయల్దేరేటప్పుడు వీడ్కోలు చెప్పడానికి ముసలాయన ఒక్కడే మిగిలాడు.

ఈ కవితలో దు ఫు అధికారిని ఒక్క మాట తిట్టలేదు. నీతి చెప్పలేదు. విన్నది విన్నట్టు రాశారు. ఆమె ఒక్కో మాటా చెబుతుంటే, దాని వెనక అధికారి ఏం గద్దిస్తున్నాడో మనకే అర్థమవుతుంది. రాజుల చరిత్రలు రాసిన పుస్తకాల్లో యుద్ధాల పేర్లు ఉంటాయి, సేనాపతుల పేర్లు ఉంటాయి. షిహావ్ ముసలమ్మ ఉండదు. ఆమె దు ఫు కవితలో ఉంది. అందుకే తర్వాతి తరాలు ఆయన్ని కవి అన్నారు, చరిత్రకారుడు అని కూడా అన్నారు.

ఆ ఏడాదే ఆయన ఉద్యోగం వదిలేశారు. కరువు. కుటుంబంతో కొండలు దాటి నడిచారు. ఒక చోట తినడానికి ఏమీ లేక అడవిలో చెట్లకింద రాలిన గింజలు ఏరుకున్నారు. ఏడాది చివర నైరుతిన ఉన్న చెంగ్డూ నగరం చేరారు. స్నేహితులు సాయం చేశారు. ఊరి బయట, వాగు పక్కన, గడ్డి కప్పిన చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆయన జీవితంలో కాస్త నెమ్మదైన రోజులు అవే. భార్య కాగితం మీద గళ్లు గీసి ఆటపలక తయారుచేయడం, కొడుకు సూది వంచి గాలం చేసుకోవడం, ఇలాంటివన్నీ పద్యాల్లోకి వచ్చాయి. అంతకు ముందు పెద్ద కవులు ఇలాంటి ఇంటి సంగతులు ఇంత ప్రేమగా రాయడం అరుదు.

ఆ ఇంటికి ఒక శరత్కాలంలో గాలివాన వచ్చింది. కప్పు మీది గడ్డి ఎగిరిపోయింది. ఊరి పిల్లలు ఆ గడ్డి ఎత్తుకుని పరిగెత్తారు. దు ఫు అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వెనక్కి వచ్చారు. రాత్రి వాన. ఇల్లంతా కారుతోంది. పాత బొంత చలికి బిగుసుకుపోయింది. పిల్లవాడు నిద్రలో తన్ని దాన్ని చింపేశాడు. తెల్లారేదాకా ఎలా గడపాలి?

ఆ రాత్రి దు ఫు ఏం కోరుకున్నారు? తన కప్పు బాగుపడాలని కోరుకోలేదు. వేలకు వేల గదులున్న ఒక మహాభవనం కావాలనుకున్నారు. ఎంత గాలివానకైనా కదలకుండా ఉండాలి. లోకంలో చలికి వణికే పేదవాళ్లందరూ అందులో తలదాచుకోవాలి. అలాంటి భవనం కంటికి కనిపిస్తే చాలు, నా ఒక్కడి ఇల్లు కూలిపోయినా, నేను చలికి చచ్చిపోయినా ఫర్వాలేదనుకున్నారు. ఇది చైనాలో అందరికీ తెలిసిన కవిత. అధికారంలో ఉన్నవాళ్లు కూడా ప్రజలకు ఇళ్ల గురించి మాట్లాడేటప్పుడు తలుచుకునే కవిత.

చెంగ్డూలో అండగా ఉన్న అధికారి యాన్ వు 765లో చనిపోయారు. దు ఫు మళ్లీ కదిలారు. యాంగ్ట్సే నది ఒడ్డున, ఎత్తైన కొండల మధ్య ఉన్న క్వేజౌ అనే ఊళ్లో రెండేళ్లు ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు. ఒక చెవి వినపడదు. పళ్లు ఊడిపోతున్నాయి. ఆ రెండేళ్లలోనే నాలుగు వందలకు పైగా పద్యాలు రాశారు. మనకు దొరికిన ఆయన కవిత్వంలో పావు వంతు కంటే ఎక్కువ అక్కడిదే.

అక్కడిదొక చిన్న పద్యం ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దు ఫు ఇంటి ముందు రేగుచెట్టు ఉండేది. పక్కింట్లో ఒక ముసలామె. భర్త లేడు, పిల్లలు లేరు, తిండి లేదు. వచ్చి ఆ రేగుపళ్లు దులుపుకుని తీసుకెళ్లేది. దు ఫు ఏమీ అనేవారు కాదు. తర్వాత ఆయన వేరే ఇంటికి మారుతూ ఆ ఇల్లు వూ అనే చుట్టానికి ఇచ్చారు. ఆ కుర్రవాడు చుట్టూ కంచె వేశాడు. ముసలామె భయపడింది.

దు ఫు ఆ కుర్రవాడికి పద్యంలో ఉత్తరం రాశారు. ఎంత మెత్తగా రాశారో చూడండి. తప్పు చేశావని అనలేదు. ఆమె పరాయి మనిషిని చూసి ఊరికే భయపడుతోందని అతన్ని వెనకేసుకొచ్చారు. నువ్వు కంచె వేస్తే ఆమె నిజంగానే నీకు ఇష్టం లేదనుకుంటుందని చెప్పారు. గత్యంతరం ఉంటే ఆమె ఎందుకు వస్తుందన్నారు. ఆమె సిగ్గుపడకుండా ఉండాలంటే మనమే ఇంకాస్త దగ్గరగా మసలుకోవాలన్నారు. పన్నులు ఆమెను పిండేశాయని చెప్పారు. అక్కడి నుంచి యుద్ధం మీదికి, దేశం మీదికి వెళ్లి ముగించారు.

ఎనిమిది పాదాల పద్యం. అందులో రేగుచెట్టు, కంచె, పక్కింటి ముసలామె, పన్నులు, యుద్ధం, దేశం. అన్నీ ఇమిడాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జాలి ఉన్నంత మాత్రాన ఎవరూ కవి కారు. దు ఫు తన విద్యలో మహా నిపుణుడు. ఎనిమిది పాదాల ఆ ఛందస్సుకు కఠినమైన నియమాలున్నాయి. పాదానికి ఐదో ఏడో అక్షరాలు. స్వరాలు ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో లెక్క. మధ్య పాదాలు మాటకు మాట జోడు కుదరాలి. అంత బిగువైన కట్టులో మనిషి మాట్లాడుతున్నట్టు రాయడం ఆయన సాధించారు. చిన్న పద్యమైనా, పెద్ద కవితైనా, ఆయన ముట్టుకున్న ప్రతి రూపాన్నీ తర్వాతి కవులు ఆయన దగ్గరే నేర్చుకున్నారు.

768లో ఇంటివైపు అనుకుంటూ పడవెక్కారు. ఇల్లు చేరలేదు. రెండేళ్లు నదుల మీద తిరిగి, 770 చలికాలంలో, హునాన్ ప్రాంతంలో చనిపోయారు. కుటుంబం దగ్గర శవపేటికను సొంతూరికి తీసుకెళ్లే డబ్బు కూడా లేదు. నలభై మూడేళ్ల తర్వాత మనవడు ఆ పని చేశాడు. 813లో. దారిలో యువాన్ జెన్ అనే కవిని కలిసి, తాతగారి సమాధి రాత రాయమని అడిగాడు. కవిత్వం పుట్టినప్పటి నుంచి ఇలాంటి కవి మరొకరు లేరని యువాన్ జెన్ అందులో రాశారు.

ఆయన బతికుండగా, 753లో, ఒక పెద్ద కవితా సంకలనం వచ్చింది. అందులో లీ బాయ్ ఉన్నారు. దు ఫు లేరు. ఆయన పోయాక దాదాపు మూడు వందల ఏళ్లకు, సాంగ్ వంశ కాలంలో, పండితులు చెల్లాచెదురైన పద్యాలు వెతికి పోగుచేశారు. పద్నాలుగు వందలకు పైగా దొరికాయి. 1059లో సుజౌ నగరంలో అచ్చయ్యాయి. అప్పటి నుంచి ఆయన పేరు తగ్గలేదు.

ఎవరు చదివారో వినండి. మంగోలులు చైనాను గెలిచినప్పుడు, లొంగని మంత్రి వెన్ థియెన్‌షియాంగ్‌ను జైల్లో పెట్టారు. ఆయన జైల్లో దు ఫు పాదాలనే ఏరి, కూర్చి, రెండు వందల పద్యాలు తయారుచేశారు. నేను చెప్పాలనుకున్నదంతా దు ఫు ముందే చెప్పేశారన్నారు. 1283లో ఆయనకు మరణశిక్ష అమలైంది. కొరియాలో కొత్త లిపి పుట్టాక, 1481లో, రాజాజ్ఞతో దు ఫు కవిత్వాన్ని ఆ లిపిలోకి తెచ్చారు. జపాన్ మహాకవి బషో తన యాత్రల్లో పాత యుద్ధభూమి దగ్గర నిలబడి దు ఫును తలుచుకున్నారు. 2016లో స్టీఫెన్ ఓవెన్ అనే పండితుడు ఆయన కవితలన్నిటినీ ఆరు సంపుటాలుగా ఇంగ్లీషులోకి తెచ్చారు. చెంగ్డూలో ఆ గడ్డి ఇంటి చోటును 902లోనే ఒక కవి వెతికి మళ్లీ కట్టించారు. ఇప్పుడది పెద్ద మ్యూజియం. ఏటా లక్షల మంది వెళుతున్నారు.

దేశం కూలినప్పుడు, జైల్లో పడ్డప్పుడు, ఇల్లు విడిచిపోవాల్సి వచ్చినప్పుడు మనుషులు దు ఫును వెతుక్కున్నారు. ఎందుకంటే ఆయన పద్యాల్లో వాళ్లకు చోటుంది. తన గోడు మాత్రమే చెప్పుకున్న కవి దగ్గర మనం ఆ గోడు వింటాం. పక్కింటి గోడు కూడా విన్న కవి దగ్గర మన గోడు మనకే దొరుకుతుంది. దు ఫు పేరు అలా నిలిచింది.

మీకు అనువాదం ఏ భాషలో దొరికినా చదవండి. రేగుచెట్టు పద్యంతో మొదలుపెట్టండి. తర్వాత గాలివాన కవిత, ఆ తర్వాత షిహావ్ ఊరి కవిత. ప్రతిదానిలోనూ ఆయన తన సంగతి వదిలి ఎదుటివాళ్ల వైపు తిరిగే చోటు ఒకటుంటుంది. ఆ చోటు వెతకండి. దొరికాక పైనుంచి మరోసారి చదవండి. దు ఫుతో స్నేహం అక్కడ మొదలవుతుంది.